సేద్యానికి వచ్చిన జీపు

బళ్ళారి, కోలారు జిల్లాల్లోనూ, హోసూరు, కృష్ణగిరి వైపునా, ఒడిశాలో రాయగడ, పర్లాకిమిడి ప్రాంతాల్లోనూ, మహారాష్ట్రలో నాందేడు దిక్కునా మన తెలుగువారి పల్లెలకు వెళితే, ఏదో ఒక ఇంటి వెనక, గడ్డివాము పక్కనో పశువుల కొట్టంలోనో, ఒక పాత జీపు నిలబడి ఉండటం మీరు చూసే ఉంటారు. టాపు చిరిగిపోయి, టైర్లలో గాలి దిగిపోయి, వెనక సీటు మీద కోడి పొదుగుతూ ఉంటుంది. ఇంట్లో పెద్దవారికి దాన్ని తీసెయ్యడానికి మనసు రాదు. పిల్లలకు దాన్ని బాగుచేయించే తీరిక ఉండదు. పాత ఇనుము కొనే వ్యాపారి మాత్రం అప్పుడప్పుడూ వచ్చి బేరం అడిగిపోతూ ఉంటాడు.

ఈనాటి ప్రసంగం ఆ జీపును గురించే. అది ఎక్కడ పుట్టింది, మన పొలాలకు ఎలా వచ్చింది, దాన్ని మళ్ళీ నడిపించాలనుకుంటే ఏమేం చూసుకోవాలి, బాగుచేసే ఉత్సాహంలో దేన్ని చెరిపెయ్యకూడదు అనే విషయాలు మీతో ముచ్చటిస్తాను.

జీపు పుట్టింది సేద్యం కోసం కాదు, యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యానికి ఒక చిన్న బండి కావలసి వచ్చింది. తేలికగా ఉండాలి, నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి, బురదలోనూ గుట్టమీదా ఆగకూడదు. బాంటమ్ అనే చిన్న కంపెనీ ఆ ఏడాది సెప్టెంబరులో మొదటి నమూనా బండిని తయారుచేసి ఇచ్చింది. కాని సైన్యం కోరినన్ని బండ్లు చేసే శక్తి ఆ కంపెనీకి లేదు. అందువల్ల పెద్ద ఉత్పత్తి విల్లీస్, ఫోర్డు కంపెనీల చేతికి వెళ్ళింది. రెండూ కలిసి యుద్ధం ముగిసేలోగా ఆరు లక్షలకు పైగా జీపులు చేశాయి. రెండు ఇరుసుల మధ్య దూరం 80 అంగుళాలు. ఇంజను 60 గుర్రాల బలం కలది. బరువు టన్నుకు కాస్త పైన. బర్మా రంగంలోనైతే కొన్ని జీపులకు రబ్బరు టైర్లు తీసి ఇనుప చక్రాలు బిగించి రైలు పట్టాల మీద కూడా నడిపించారు.

యుద్ధం ముగిసే సూచనలు కనిపించగానే విల్లీస్ కంపెనీకి ఒక బెంగ పట్టుకుంది. సైన్యం కొనడం మానేస్తే ఈ బండిని కొనేదెవరు? వారికి దొరికిన జవాబు రైతు. 1945లో సి.జె. 2ఏ అనే పేరుతో పౌరుల జీపు బయటికి వచ్చింది. చూడటానికి సైన్యం జీపులాగే ఉన్నా, లోపల దాన్ని సేద్యానికి తగినట్టు మార్చారు. వెనక తలుపు కిందికి దించి బస్తాలు ఎక్కించవచ్చు. సామాను కట్టి లాగడానికి వెనక గట్టి కడ్డీ ఉంది. ఇంజను బలాన్ని బయటికి తీసుకుని నూర్పిడి యంత్రాన్నో కట్టెలు కోసే రంపాన్నో తిప్పుకొనే ఏర్పాటు కూడా, కోరితే, అమర్చి ఇచ్చేవారు. పళ్ళచక్రాల నిష్పత్తి కూడా మార్చారు. అన్నిటికన్నా తక్కువ గేరులో ఇంజను దాదాపు 36 చుట్లు తిరిగితే బండి చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. అంటే ఎద్దు నడకంత నెమ్మదిగా, కాని ఎద్దుకు లేనంత బలంతో లాగుతుందన్నమాట. ఒకే బండి దుక్కి దున్నుతుంది, సరుకు మోస్తుంది, యంత్రం తిప్పుతుంది, ఆదివారం కుటుంబాన్ని ఊళ్ళోకి తీసుకువెళుతుంది అని కంపెనీ ప్రచారం చేసింది.

ఈ ఆలోచన అమెరికాతో ఆగలేదు. ఇంగ్లండులో రోవర్ కార్ల కంపెనీకి చెందిన మారిస్ విల్క్స్ అనే ఇంజనీరుకు వేల్సు దేశపు ఆంగ్లసీ ద్వీపంలో పొలం ఉండేది. అక్కడి పనులకు ఆయన వాడింది సైన్యం వదిలేసిన ఒక విల్లీస్ జీపే. ఇది పాతబడిపోతే దీని స్థానంలో ఏం కొనాలి అన్న ప్రశ్నలోంచి ల్యాండ్ రోవర్ పుట్టింది. 1948 ఏప్రిల్ 30న ఆమ్‌స్టర్‌డామ్ ప్రదర్శనలో దాన్ని లోకానికి చూపించారు. యుద్ధం తర్వాత ఉక్కుకు కరువు కాబట్టి దాని పైభాగాన్ని అల్యూమినియం మిశ్రమంతో చేశారు. ఇది కూడా రైతు కోసం తలపెట్టిన బండే.

ఇక మన దేశానికి వద్దాం. జీపు మనకు రెండు దారుల్లో వచ్చింది. మొదటిది డిస్పోజల్ దారి. యుద్ధం అయిపోయాక అమెరికా సైన్యం తిరిగి తీసుకుపోని సామాను ఇక్కడే అమ్ముడుపోయింది. అందులో జీపులూ ఉన్నాయి. రెండవది బొంబాయి దారి. యుద్ధకాలంలో వాషింగ్టనులో భారత సరఫరా సంఘానికి అధిపతిగా పనిచేసిన కె.సి. మహీంద్రాకు, జీపు ఇంజనును తీర్చిదిద్దిన బార్నీ రూస్ అనే విల్లీస్ ఇంజనీరుతో పరిచయం కలిగింది. 1945లో మహీంద్రా అండ్ మహమ్మద్ పేరుతో ఉక్కు వ్యాపారం కోసం పుట్టిన సంస్థ, 1940ల చివర బొంబాయిలో విల్లీస్ జీపుల భాగాలు తెప్పించి బిగించడం మొదలుపెట్టింది. భాగస్వామి గులాం మహమ్మద్ దేశ విభజన తర్వాత పాకిస్తాను వెళ్ళి అక్కడ మొదటి ఆర్థికమంత్రి అయ్యారు. 1948లో సంస్థ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. మన పల్లెల్లో ఎక్కువగా కనిపించే ఎత్తు బానెట్ జీపు, సి.జె. 3బి అనే రకం, ఆ సంస్థ తయారుచేసినదే. ఆ రకం అమెరికాలో 1953లో మొదలై 1968తో ఆగిపోయింది. మన దేశంలో మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి తయారవుతూ వచ్చింది.

ఆ రోజుల్లోనే జీపు పేరుతో మన పార్లమెంటులో పెద్ద దుమారం రేగింది. 1948లో కాశ్మీరు యుద్ధం సాగుతుండగా, లండనులోని మన హైకమిషన్ సైన్యం కోసం పాత జీపులను బాగుచేయించి పంపే ఒప్పందం ఒక విదేశీ సంస్థతో కుదుర్చుకుంది. చివరికి వచ్చినవి 155 బండ్లు మాత్రమే. వాటినీ సైన్యం పనికిరావని తోసిపుచ్చింది. 1955లో ప్రభుత్వం ఆ వ్యవహారాన్ని ముగించింది. రాజకీయాల మాట అటుంచితే, పాత బండి కొనబోయే ప్రతివారూ గుర్తుంచుకోవలసిన సంగతి ఇందులో ఒకటుంది. బాగుచేసిన బండి అన్నంత మాత్రాన బాగుపడిన బండి కాదు. రంగు కింద ఏముందో చూడాలి.

పల్లె జనానికి జీపు మొదట సర్కారు బండిగానే పరిచయం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలైంది. బ్లాకు ఆఫీసుతో పాటే జీపూ వచ్చింది. జీపు చప్పుడైతే బి.డి.ఓ. గారు వస్తున్నారని లెక్క. ఆ తర్వాత క్రమంగా పెద్ద రైతుల ఇళ్ళకూ, కాంట్రాక్టర్ల దగ్గరకూ, పాత సర్కారు బండ్ల వేలంపాటల ద్వారా మామూలు రైతుల చేతికీ చేరింది.

మరి దుక్కి సంగతి ఏమైంది? నిజం చెప్పాలంటే జీపు దుక్కిలో ఓడిపోయింది. నల్లరేగడిలో నాగలి దిగాలంటే వెనక చక్రాల మీద బరువు ఉండాలి, చక్రం పెద్దదై ఉండాలి. టన్ను బరువున్న జీపుకు ఆ రెండూ లేవు. అంత నెమ్మది నడకలో గంటల తరబడి లాగితే ఇంజను వేడెక్కుతుంది. నాగలిని లేపడానికీ దించడానికీ ట్రాక్టరుకు వెనక హైడ్రాలిక్ చేతులుంటాయి. జీపుకు ఆ ఏర్పాటు వేరుగా కావాలి. 1960లలో ట్రాక్టర్లు మన దేశంలోనే తయారవడం మొదలయ్యాక దుక్కిపని వాటికే పోయింది. జీపు మాత్రం దారి లేని చోటికి దారి అయింది. కోలారు తోటల కూరగాయలు, పట్టుగూళ్ళు, పాలడబ్బాలు, బళ్ళారి పల్లెల పత్తి విత్తనాలు, ఎరువు బస్తాలు, ఒడిశా కొండల్లో సంతకు పోయే మనుషులు, అర్ధరాత్రి పురిటి నొప్పులతో ఆసుపత్రికి వెళ్ళే తల్లులు, ఇలా అన్నిటికీ అదే దిక్కయింది. సేద్యంలో నాగలి పట్టకపోయినా సేద్యగాడి సంసారం మోసింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన మలుపు ఉంది. 1973లో ప్రపంచమంతటా చమురు ధర ఒక్కసారిగా పెరిగింది. పెట్రోలు తాగే పాత జీపును పోషించడం రైతుకు భారమైంది. మహీంద్రా వారి అనుబంధ సంస్థ అప్పటికే బ్రిటిష్ నమూనా మీద బి. 275 అనే ఇంటర్నేషనల్ ట్రాక్టరును మన దేశంలో తయారుచేస్తోంది. ఆ ట్రాక్టరు డీజిల్ ఇంజను వంశానికి చెందిన ఇంజనునే 1970ల నడుమ జీపులో కూర్చోబెట్టారు. ఫ్యాక్టరీ చేసిన పనిని చూసి ఊరి మెకానిక్కులూ అదే చేశారు. పెట్రోలు ఇంజను దించి డీజిల్ ఎక్కించారు. లేతు మీద కొత్త పట్టీలు చేయించి, వెల్డింగు పెట్టించి, ముందు కమాన్లకు ఒక పట్టీ అదనంగా వేయించారు. చమత్కారం చూడండి. జీపు ట్రాక్టరు కాలేకపోయింది గాని ట్రాక్టరు గుండె జీపులోకి వచ్చింది. 1980లలో ఫ్రాన్సు దేశపు పెజో డీజిల్ ఇంజను కూడా మహీంద్రా జీపుల్లోకి వచ్చింది.

అందుకే మీ ఇంటి జీపును చూసేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. దాని మీద ఉన్న అతుకులు లోపాలు కావు, అవి దాని చరిత్ర. మారిన ఇంజను చమురు కరువు గురించి చెబుతుంది. వెనక పొడిగించిన ఇనుప చట్రం, అది ఎంతమంది కూలీలను మోసిందో చెబుతుంది. ఎం.వై. అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు పలక, కర్ణాటకకు మైసూరు రాష్ట్రమనే పేరున్న కాలానిది. ఆ పేరు 1973లో మారింది. సరిహద్దులు మారినా, రాష్ట్రాల పేర్లు మారినా, భాష మారకుండా అదే ఇంట్లో ఉన్న మనలాంటివారికి ఆ పలక విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఇప్పుడు పట్టణాల్లో పాత జీపులు బాగుచేయించడం ఒక ముచ్చట అయింది. మంచిదే. కాని పల్లె నుంచి కొనుక్కుపోయిన జీపుకు ఆకుపచ్చ రంగు వేసి, బానెట్ మీద తెల్ల నక్షత్రం దిద్ది, యుద్ధం చూసిన బండిగా నిలబెట్టడం కనిపిస్తోంది. 1960లలోనో 70లలోనో మన దేశంలో తయారై, పాలడబ్బాలు మోసిన బండికి, అది చూడని యుద్ధాన్ని అంటగట్టడం ఎందుకు? దాని సొంత జీవితం తక్కువదా? బాగుచేయడం అంటే బండిని నడిచేటట్టు చేయడం. దాని పుట్టుకనూ బతుకునూ మార్చి రాయడం కాదు.

కాబట్టి పని మొదలుపెట్టే ముందు సుత్తి, పానా పక్కనపెట్టి, ముందు ఫోటోలు తీయించండి. పాత ఆర్.సి. పుస్తకం, పన్ను రసీదులు వెతకండి. చాసిస్ మీద కొట్టిన నంబరు, ఇంజను నంబరు రాసి పెట్టుకోండి. ఆ బండిని పూర్వం చూసిన మెకానిక్కు బతికి ఉంటే ఆయన్ని పిలిచి, ఏది ఎప్పుడు మార్చారో అడిగి రాసుకోండి. కార్ల కంపెనీ పుస్తకాల్లో విల్లీస్ జీపు గురించి ఉంటుంది గాని, మీ ఊరి జీపుకు ట్రాక్టరు ఇంజను ఎలా కూర్చోబెట్టారన్నది ఆ పెద్దాయన చేతుల్లోనే ఉంటుంది. ఆయనతో పాటే ఆ విద్య పోతే మళ్ళీ దొరకదు.

ఇక పని వరస. మొదట చాసిస్ చూడాలి. కమాన్లు బిగించే చోట, బాడీ కూర్చునే చోట తుప్పు పట్టిందేమో సుత్తితో తట్టి చూడాలి. ఇనుము ఖంగుమనాలి, బొద్దుగా మోగితే అక్కడ పని ఉందన్నమాట. రెండవది బ్రేకులు. పాత జీపుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. ఏళ్ళ తరబడి నిలబడిన బండిలో చక్రాల సిలిండర్లు బిగుసుకుపోయి ఉంటాయి. ఇంజను స్టార్టు కాకముందే బ్రేకు బాగుండాలి. చాలామంది దీనికి తిరగబడి చేస్తారు. మూడవది స్టీరింగు. ముందు చక్రాల కింగ్‌పిన్ బేరింగులు అరిగితే ఒక వేగం దగ్గర ముందు చక్రాలు వణుకుతాయి. డీజిల్ ఇంజను ఎక్కించిన బండికి ముందు బరువు ఎక్కువ కాబట్టి అక్కడ మరింత శ్రద్ధ కావాలి. నాలుగవది గేరుబాక్సు, దాని వెనక ఉండే ట్రాన్స్‌ఫర్ కేసు. నూనెలో నీళ్ళు కలిస్తే అది మజ్జిగలా తెల్లబడుతుంది. అప్పుడు విప్పి చూడవలసిందే. పెట్రోలు బండి అయితే పాత రబ్బరు పైపులు, పంపులోని పొర మార్చండి. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, పాత కాలపు రబ్బరు దానికి తట్టుకోదు. రంగు, సీట్లు, టాపు ఇవన్నీ ఆఖరున.

నడపడం గురించి రెండు మాటలు. పాత జీపులో ఒకటో గేరు, రివర్సు గేరు బండి పూర్తిగా ఆగాకే వెయ్యాలి, లేకుంటే పళ్ళు గరగరమంటాయి. పెద్ద గేరు కర్ర పక్కన రెండు చిన్న కర్రలుంటాయి. ఒకటి ముందు చక్రాలకు బలం అందిస్తుంది. రెండవది తక్కువ గేరు వరసకు. ముందు చక్రాలను కలపందే రెండవ కర్ర తక్కువ వరసలో పడదు. అంత బలం ఒక్క వెనక ఇరుసు మీదే పడితే అది విరుగుతుందని చేసిన జాగ్రత్త ఇది.

ఇంకొకటి మరీ ముఖ్యం. గట్టి తారురోడ్డు మీద నాలుగు చక్రాలూ కలిపి నడపకూడదు. బండి మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. ఈ జీపులో ముందు, వెనక షాఫ్టులు ఒకదానితో ఒకటి బిగిసిపోయి ఉంటాయి కాబట్టి ఆ తేడా ఎటూ పోలేక పళ్ళచక్రాల మీద పడుతుంది. బురదలో, ఇసుకలో అయితే టైరు కాస్త జారి ఆ బిగువు సడలుతుంది. రోడ్డు మీద సడలదు. వాగు దాటేటప్పుడు కలపండి, గట్టెక్కాక విడదీయండి.

చట్టం సంగతి కూడా మనవి చేయాలి. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పాతకాలపు బండ్లకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏళ్ళు దాటిన సొంత బండికి వింటేజ్ హోదా దొరుకుతుంది. కాని చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. అలాంటి బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, మరమ్మతుకు తప్ప రోజువారీ పనులకు తిప్పకూడదు. అంటే డీజిల్ ఇంజను ఎక్కించిన రైతు జీపుకు ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్టే. అలాగని పెట్రోలు ఇంజను వెతికి తెచ్చి పెట్టడం ఒక్కటే దారి కాదు. ఇంజను మార్పు ఆర్.సి.లో నమోదై ఉంటే, బండి గట్టిగా ఉంటే, ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్ళకోసారి మామూలు రిజిస్ట్రేషనే పొడిగించుకోవచ్చు. నమోదు కాకపోతే ముందు ఆ పని చూసుకోండి. సరిహద్దు జిల్లాలవారికి ఇంకో మాట. పక్క రాష్ట్రం నుంచి కొన్న బండి మీ రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే కొత్త నంబరు తీసుకోవాలి. అప్పుడు పాత పలకను పారెయ్యకండి. ఇంట్లో భద్రంగా ఉంచండి.

చట్టం అసలు రూపాన్నే గౌరవిస్తుంది. తప్పు పట్టలేం, దానికి ఒక కొలత కావాలి. కాని చరిత్రకు అంతకన్నా విశాలమైన చూపు ఉండాలి. డార్జిలింగు కొండల్లో మానేభంజంగ్ నుంచి దాదాపు 12 వేల అడుగుల ఎత్తున ఉన్న సందక్‌ఫూకు ఎక్కే రాళ్ళదారిలో, 1950ల నాటి ల్యాండ్ రోవర్లు దశాబ్దాలపాటు మనుషులను మోశాయి. వాటిలో చాలావాటికి ఇంజన్లు ఎప్పుడో మారాయి. అయినా వాటిని చూడటానికి దేశదేశాల నుంచి జనం వచ్చారు. ఇంగ్లండులో కొత్తగా ఉన్నప్పుడు ఎలా ఉండేవన్నది కాదు, ఆ కొండల్లో ఎలా బతికాయన్నదే చూశారు.

మన జీపులనూ ఆ చూపుతోనే చూడమని నా మనవి. ఎక్కడో పుట్టి, ఇక్కడికి వచ్చి, ఇక్కడి మట్టికీ ఎండకీ తగినట్టు మారి, మారినా తన తీరు పోగొట్టుకోని బండి అది. రాష్ట్రం హద్దుకు ఇవతల తరతరాలుగా నిలదొక్కుకున్న మనకు ఆ బతుకు కొత్తది కాదు. ఇనుము వ్యాపారి ఈసారి వచ్చినప్పుడు బేరం కాస్త ఆపండి. ముందు ఆ పెద్ద మెకానిక్కు ఇంటికి ఒకసారి వెళ్ళి రండి. ఆయనతో మీ అబ్బాయినో అమ్మాయినో కూర్చోబెట్టి ఒక్క బ్రేకు డ్రమ్ము విప్పించండి. అమ్మాలో ఉంచాలో ఆ తర్వాత ఆలోచించుకోవచ్చు.